మొదట ఓ చప్పట, చివర ఓ చప్పట

ప్రశ్న: నేను పాడతాను, తమ్ముడు కీబోర్డ్ వాయిస్తాడు. ఒక గదిలో కండెన్సర్ మైక్, మైక్ సౌండ్‌ని కంప్యూటర్‌కి అందించే చిన్న యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్, ల్యాప్‌టాప్ పెట్టుకుని రికార్డ్ చేసుకుంటున్నాం. వీడియో మాత్రం ఫోన్‌తో తీస్తాం. 40 నిమిషాల రికార్డింగ్‌లో మొదట్లో పెదవులూ మాటా చక్కగా కలుస్తాయి. చివరికొచ్చేసరికి సౌండ్ నాలుగు ఫ్రేములు వెనకబడుతోంది. ట్రాక్ వింటూ పాడితే, ఎంత జాగ్రత్తగా పాడినా, తర్వాత వింటే నేను తాళానికి వెనక ఉన్నట్టుంటుంది. పాడేటప్పుడు హెడ్‌ఫోన్స్‌లో నా గొంతు రెండుగా వినిపిస్తుంది. ఈ మధ్య ఆప్టికల్ కేబుల్‌తో మైక్ సిగ్నల్ పెంచే ఎనిమిది ఛానళ్ల ప్రీఆంప్ ఒకటి తగిలించాం. అప్పటి నుంచి మధ్యమధ్య టిక్ టిక్‌మంటోంది. ఇవి చాలవన్నట్టు ల్యాప్‌టాప్‌కి చార్జర్ పెడితే కీబోర్డ్ ట్రాక్‌లో సన్నగా కూత. కేబుళ్లు మార్చాం, డ్రైవర్ మార్చాం, చివరికి సాఫ్ట్‌వేర్ కూడా మార్చాం. ఇక మిగిలింది ఇంటర్‌ఫేస్ ఒక్కటే. దాన్నీ మార్చెయ్యాలా?

సమాధానం: మార్చొద్దు. మీరు రాసిన దాంట్లో ఇంటర్‌ఫేస్ పాడైందనడానికి ఒక్క గుర్తు కూడా నాకు కనిపించలేదు. మీకున్నది ఒక సమస్య కాదు, ఐదు. అన్నీ ఒకే గదిలో, ఒకే పెట్టె చుట్టూ తిరుగుతున్నాయి కాబట్టి అన్నిటికీ మూలం ఒకటే అనిపిస్తోంది. పాపం ఆ పెట్టె మీద నింద పడింది.

మీ ఉత్తరంలో నాకు కొంచెం టెన్షన్ పుట్టించిన మాట వేరే ఉంది. కేబుళ్లు, డ్రైవర్, సాఫ్ట్‌వేర్ మూడూ మార్చేశామన్నారు. ఒక్కొక్కటి మార్చి, ప్రతిసారీ పరీక్షించి చూశారా, లేక విసుగొచ్చి ఒకే సాయంత్రం అన్నీ మార్చేశారా? రెండోదే అయ్యుంటుందని నా అనుమానం. నేనూ అలా చేసినవాణ్ణే. అలా చేస్తే ఉన్న తప్పు పోయి కొత్తది చేరినా మనకు తెలియదు. కాబట్టి ముందు ఇంటర్‌ఫేస్ తయారుచేసినవాళ్లు ఇచ్చిన డ్రైవర్‌నే మళ్లీ పెట్టండి. మీకు అలవాటైన సాఫ్ట్‌వేర్‌కే తిరిగి వెళ్లండి. ప్రీఆంప్‌ని ప్రస్తుతానికి విప్పేసి పక్కన పెట్టండి. ఇక నుంచి ఒకసారికి ఒక్క మార్పే. ఏం మార్చారో, ఏమైందో ఒక కాగితం మీద రాసుకోండి. బడిపిల్లల పనిలా అనిపిస్తుంది గానీ నాలుగో మార్పు దగ్గరికొచ్చేసరికి ఆ కాగితమే దారి చూపిస్తుంది.

ఇప్పుడు సింక్ సంగతి. "సింక్ పోయింది" అని అందరం ఒకే మాట అంటాం. కానీ అందులో మూడు వేర్వేరు జబ్బులున్నాయి. మొదటి క్షణం నుంచి చివరి దాకా ఒకే తేడా ఉండటం ఒకటి. మొదట్లో కలిసి ఉండి, పోనుపోను తేడా పెరగడం ఇంకొకటి. నడుస్తూ నడుస్తూ ఒక్కసారిగా ఎగిరిపడటం, లేదా టిక్‌మనడం మూడోది. ఒకదానికి వాడే మందు మరోదానికి పనికిరాదు. డ్రైవర్ మార్చినంత మాత్రాన పెరుగుతూ పోయే తేడా ఆగదు, కేబుల్ మారిస్తే స్థిరంగా ఉండే ఆలస్యం తగ్గదు. మీరు చేసినవి పనిచెయ్యకపోవడానికి కారణం ఇదే.

ఏ జబ్బో తెలుసుకోవడానికి ఏ పరికరమూ కొనక్కర్లేదు. రికార్డింగ్ మొదలుపెట్టగానే మైక్ ముందు, ఫోన్‌కి కనిపించేలా గట్టిగా ఒకసారి చప్పట కొట్టండి. అంతా అయిపోయాక, రికార్డింగ్ ఆపకముందు, ఇంకోటి కొట్టండి. సినిమావాళ్లు క్లాప్ బోర్డ్ కొట్టేది ఇందుకే, కాకపోతే వాళ్లు షాట్‌కి ఒకటి కొడతారు, మనకు రెండు కావాలి. తర్వాత ఎడిటింగ్‌లో ఫోన్ రికార్డ్ చేసిన సౌండ్‌ని, ఇంటర్‌ఫేస్ సౌండ్‌ని ఒకదాని కింద ఒకటి పెట్టి, మొదటి చప్పటను కలపండి. చప్పట వేవ్‌ఫామ్‌లో నిటారుగా లేచిన గీతలా కనిపిస్తుంది కాబట్టి కలపడం తేలిక. ఇక రెండో చప్పట దగ్గర, వీడియోలో చేతులు కలిసిన ఫ్రేమ్‌ని కూడా చూసి, ఎంత తేడా ఉందో కొలవండి. అసలు కారణం ఆ అంకెలోనే ఉంటుంది.

మీ 40 నిమిషాలనే తీసుకుందాం. అంటే 2,400 సెకన్లు. రెండో చప్పట దగ్గర తేడా మూడు నిమిషాలు దాటి ఉంటే అది శాంపిల్ రేట్ గొడవ, అంటే ధ్వనిని సెకనుకు ఎన్నిసార్లు కొలవాలన్న లెక్కలో తేడా. 48 కిలోహెర్ట్జ్‌లో రికార్డ్ చేసినదాన్ని సాఫ్ట్‌వేర్ 44.1 అనుకుని ప్లే చేస్తోందన్నమాట. 40 నిమిషాలది 43 నిమిషాల 32 సెకన్లు అవుతుంది, శ్రుతి దాదాపు ఒకటిన్నర సెమిటోన్ దిగిపోతుంది. ఇది మీది కాదు. అయ్యుంటే చప్పట దాకా ఆగేవారు కాదు, మొదటి పల్లవికే ఈ గొంతెవరిది అని లేచేవారు.

తేడా 2.4 సెకన్ల దగ్గర ఉంటే అది ఫ్రేమ్ రేట్ గొడవ. సెకనుకు 30 ఫ్రేములకీ 29.97కీ మధ్య తేడా వెయ్యిలో ఒకటి. 1953లో అమెరికాలో కలర్ టీవీ వచ్చినప్పుడు, రంగుల సిగ్నల్ సౌండ్ సిగ్నల్‌తో గొడవపడకుండా 30ని ఆ మేరకు తగ్గించారు. అప్పటి సర్దుబాటు ఇంకా మన ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ మెనూల్లో కూర్చునే ఉంది. ఒకదాన్ని ఇంకొకటిగా తప్పు చదివితే గంటకు 3.6 సెకన్లు పోతాయి.

తేడా మొదట్లోనూ చివరా లేకుండా మధ్యలో మాత్రం అటూ ఇటూ ఊగుతుంటే అది ఫోన్ చేసే నిర్వాకం. చాలా ఫోన్లు ఫ్రేములను సమానమైన ఎడంతో తియ్యవు. వెలుతురు తగ్గినా, ఫోన్ వేడెక్కినా ఎడం మారుతుంది. దీన్ని వేరియబుల్ ఫ్రేమ్ రేట్ అంటారు. కొన్ని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లకు ఇది మింగుడుపడదు. ఎడిట్‌లోకి తెచ్చే ముందే ఆ వీడియోని స్థిరమైన ఫ్రేమ్ రేట్‌కి మార్చుకుంటే సరిపోతుంది.

మీరు చెప్పింది నాలుగు ఫ్రేములు. సెకనుకు 30 ఫ్రేముల లెక్కన 133 మిల్లీసెకన్లు. ఇంత చిన్న తేడా, అదీ నెమ్మదిగా పెరిగేది, ఒక్కచోటి నుంచే వస్తుంది. అది రెండు గడియారాల మధ్య తేడా. ఇంటర్‌ఫేస్‌లో ఒక క్వార్ట్జ్ స్ఫటికం ఉంటుంది, ఫోన్‌లో ఇంకోటి. సెకనుకు 48,000 సార్లు కొలవమని ఇద్దరికీ చెప్పాం. కానీ సెకనంటే ఎంతో ఎవరి లెక్క వారిది. మామూలు స్ఫటికం పది లక్షలకు 20 నుంచి 50 వంతులు అటూ ఇటూ ఉండొచ్చు. 40 నిమిషాల్లో మీ ఇంటర్‌ఫేస్ తియ్యాల్సిన శాంపిళ్లు 11 కోట్ల 52 లక్షలు. 133 మిల్లీసెకన్లంటే అందులో 6,400 శాంపిళ్లు ఎక్కువ తీసిందని. పది లక్షలకు 55 వంతులు. రెండు పరికరాలు చెరోవైపు కొద్దికొద్దిగా జరిగితే ఆ మాత్రం తేడా వచ్చి తీరుతుంది. ఇంటర్‌ఫేస్ కొంచెం హుషారుగా కొలిచి ఎక్కువ శాంపిళ్లు పోగేసింది. వాటిని తీరిగ్గా ప్లే చేస్తే ఎక్కువ సేపు పడుతుంది కాబట్టి సౌండ్ వెనకబడింది. ఇందులో పాడైన వస్తువు ఏదీ లేదు. కొత్త ఇంటర్‌ఫేస్ కొంటే దాని స్ఫటికం ఇంకో దిక్కుకు జరగొచ్చు, అప్పుడు సౌండే ముందు పరుగెడుతుంది. అది ఇంకా అన్యాయం. సౌండ్ ఆలస్యమైతే మనిషి సర్దుకుంటాడు, ఎందుకంటే దూరాన జరిగేది ముందు కనిపించి తర్వాత వినిపించడం మనకు పుట్టినప్పటి నుంచీ అలవాటే. ముందే వచ్చేస్తే ఇట్టే పట్టేస్తాడు. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ ప్రసారాల కోసం వేసిన లెక్కలో కూడా సౌండ్ ముందైతే 45 మిల్లీసెకన్ల దగ్గరే తెలిసిపోతుంది, వెనకైతే 125 దాకా తెలియదు. మీ నాలుగు ఫ్రేములు ఆ గీతను కొద్దిగా దాటాయి, అంతే.

సరిచెయ్యడానికి రెండు దారులున్నాయి. వీడియోలో రెండు చప్పట్ల మధ్య ఎంత సమయం ఉందో, మీ ఆడియో ట్రాక్‌లో ఎంత ఉందో చూసి, ఆ నిష్పత్తిలో ఆడియోని కుదించండి. 100 శాతం బదులు 99.9945 అన్నమాట. దీనివల్ల శ్రుతి మారుతుందేమోనని భయం వద్దు. సెమిటోన్‌లో నూరో వంతుని సెంటు అంటారు, ఇక్కడ మారేది సెంటులో పదో వంతు. ఏ గురువు చెవికీ అందదు. రెండో దారి నాకు ఇష్టమైనది. 40 నిమిషాలూ ఒకే పాట కాదు కదా, పాటకీ పాటకీ మధ్య నిశ్శబ్దం ఉంటుంది. అక్కడ ఆడియోని కోసి, ప్రతి పాట మొదలునూ విడిగా కలపండి. ఐదు నిమిషాల పాటలో చేరే తేడా 17 మిల్లీసెకన్లు మించదు, అంటే సగం ఫ్రేము. ఎవరికీ తెలియదు. ప్రతి పాటకు ముందు ఒక చప్పట కొట్టడం అలవాటు చేసుకుంటే అరగంట పని ఐదు నిమిషాల్లో అయిపోతుంది.

ఇక తాళానికి వెనకబడటం. ఇక్కడ పాడేటప్పుడు వినిపించే ఆలస్యం వేరు, రికార్డయిన ట్రాక్‌లో ఉండే ఆలస్యం వేరు. మీకు రెండూ ఉన్నాయి.

హెడ్‌ఫోన్స్‌లో గొంతు రెండుగా వినిపించడానికి కారణం, అది నిజంగానే రెండుసార్లు వస్తోంది. ఇంటర్‌ఫేస్ మీద డైరెక్ట్ మానిటర్ అని ఒక బటనో, తిప్పుడు మీటో ఉంటుంది చూడండి. అది ఆన్‌లో ఉంటే మైక్ సౌండ్ కంప్యూటర్‌కి వెళ్లకుండానే మీ చెవికి వస్తుంది. అదే సమయంలో సాఫ్ట్‌వేర్‌లో ఆ ట్రాక్‌కి మానిటరింగ్ ఆన్‌లో ఉంది. ఆ గొంతు కంప్యూటర్ చుట్టి వచ్చి కాస్త ఆలస్యంగా చేరుతుంది. రెండింటిలో ఒకటి ఆపండి. పాడేవాళ్లకైతే డైరెక్ట్ మానిటరే మేలు. దాంట్లో ఎకో, రివర్బ్ ఉండవని కొందరు నొచ్చుకుంటారు. ఆ రివర్బ్‌ని విడిగా, గొంతు లేకుండా, సాఫ్ట్‌వేర్ నుంచి వినవచ్చు. అది కొంచెం ఆలస్యమైనా పర్లేదు, రివర్బ్ పనే వెనక నుంచి రావడం.

తమ్ముడు సాఫ్ట్‌వేర్ పియానో వాయిస్తే అతనికి డైరెక్ట్ మానిటర్ దారి లేదు, బఫర్ తగ్గించుకోవాల్సిందే. బఫర్ అంటే కంప్యూటర్ ఒక్కో విడతలో పోగేసుకుని పంపే శాంపిళ్ల మూట. 48 కిలోహెర్ట్జ్ దగ్గర 1,024 శాంపిళ్ల బఫర్ అంటే 21 మిల్లీసెకన్లు. సిగ్నల్ లోపలికి వెళ్లి బయటికి వస్తే దానికి రెట్టింపు, ఆపైన మరికొంత. 128 పెడితే ఒక వైపుకి 2.7. గాలిలో ధ్వని ఒక మిల్లీసెకనుకు 34 సెంటీమీటర్లు నడుస్తుందని గుర్తుపెట్టుకుంటే ఈ అంకెలు మనసుకు ఎక్కుతాయి. పది మిల్లీసెకన్ల ఆలస్యమంటే మూడున్నర మీటర్ల అవతల ఉన్న స్పీకర్‌తో కలిసి వాయిస్తున్నట్టు. వాయించగలం. నలభై అంటే హాలు చివర నుంచి వింటున్నట్టు. అది కష్టం. రికార్డ్ చేసేటప్పుడు బఫర్ తక్కువ, మిక్స్ చేసేటప్పుడు ఎక్కువ పెట్టుకోండి. అన్ని ట్రాకులూ కలిసే మాస్టర్ ట్రాక్ మీద, సౌండ్ హద్దు దాటకుండా ఆపే లిమిటర్ లాంటి ప్లగిన్లు (సాఫ్ట్‌వేర్‌లో తగిలించే చిన్న ప్రోగ్రాములు) పెట్టి ఉంటే రికార్డింగ్ అయ్యేదాకా ఆపెయ్యండి. ముందు రాబోయేది చూసుకుని పనిచేసే ప్లగిన్లు ఆ చూసుకునేంత సేపు అందరినీ ఆపుతాయి. ఏ మెట్టు నొక్కారో కంప్యూటర్‌కి చెప్పే మిడి కేబుల్‌ని మాత్రం అనుమానించకండి. 1983 నాటి వేగమే అయినా ఒక నోటు పంపడానికి దానికి పట్టేది ఒక మిల్లీసెకను. అన్నట్టు, మీలో ఎవరైనా బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పాడుతుంటే పైన రాసినవన్నీ వదిలేసి ముందు అవి తీసెయ్యండి. వాటిలో 100 మిల్లీసెకన్లు దాటడం మామూలే.

రికార్డయిన ట్రాక్ వెనకబడటం ఇంకో కథ. మీరు పాడిన గొంతు ఎంత ఆలస్యంగా చేరిందో సాఫ్ట్‌వేర్ లెక్కగట్టి, ట్రాక్‌ని అంత ముందుకు జరిపి పెడుతుంది. ఆ లెక్క డ్రైవర్ చెప్పిన మాట మీద ఆధారపడుతుంది. డ్రైవర్ తక్కువ చెబితే మీ గొంతు వెనకబడుతుంది, నింద మీ తాళజ్ఞానం మీద పడుతుంది. విండోస్‌లో ఇంటర్‌ఫేస్ కంపెనీ ఇచ్చిన ఏసియో (ఆలస్యం తక్కువగా ఉండే రకం) డ్రైవర్ బదులు అన్నిటికీ పనికొచ్చే డ్రైవర్ పెట్టుకుంటే ఇది ఎక్కువగా జరుగుతుంది. డ్రైవర్‌ని వెనక్కి పెట్టమన్నది ఇందుకే.

కొలిచి చూడండి, పది నిమిషాల పని. స్పీకర్ల సౌండ్ పూర్తిగా తగ్గించి, కండెన్సర్ మైక్‌కి వెళ్లే 48 వోల్టుల ఫాంటమ్ పవర్ ఆపండి. ఇంటర్‌ఫేస్ వెనక లైన్ ఔట్ నుంచి ముందున్న లైన్ ఇన్‌కి ఒక కేబుల్ పెట్టండి. ఒక ట్రాక్‌లో మెట్రోనోమ్ క్లిక్ సౌండ్ వేసి ప్లే చెయ్యండి, ఇంకో ట్రాక్‌లో దాన్నే రికార్డ్ చెయ్యండి. డైరెక్ట్ మానిటరూ, ఆ రెండో ట్రాక్‌కి మానిటరింగూ తప్పకుండా ఆఫ్‌లో ఉండాలి, లేకపోతే సౌండ్ తన తోక తానే మింగి చెవులు చిల్లులు పడేలా అరుస్తుంది. ఇప్పుడు బాగా జూమ్ చేసి రెండు క్లిక్‌ల మధ్య దూరం శాంపిళ్లలో చూడండి. ఉదాహరణకి 1,060 అని వచ్చిందనుకోండి, 48 కిలోహెర్ట్జ్ దగ్గర అది 22 మిల్లీసెకన్లు. సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లో రికార్డింగ్ ఆఫ్‌సెట్ లాంటి పేరుతో ఒక గడి ఉంటుంది, అందులో ఈ అంకె వెయ్యండి. కొన్నిటిలో మైనస్ గుర్తుతో వెయ్యాలి, కొన్నిటిలో లేకుండా. వేసి మళ్లీ రికార్డ్ చేసి చూస్తే తెలిసిపోతుంది. తేడా సున్నాకి వస్తే కుదిరింది, రెట్టింపైతే గుర్తు మార్చండి. బఫర్ మార్చినా డ్రైవర్ మార్చినా ఇంకోసారి కొలుచుకోండి.

టిక్ టిక్ సంగతికి వద్దాం. ఇందులో నాకు మూడు సాయంత్రాలు పోయాయి ఒకప్పుడు, అందుకే కొంచెం సాగదీస్తాను. ముందు ఆ టిక్‌లు ఎలా వస్తున్నాయో వినండి. ఎప్పుడు పడితే అప్పుడు, ప్లగిన్లు పెంచిన కొద్దీ ఎక్కువగా వస్తుంటే కంప్యూటర్ అందుకోలేకపోతోంది. బఫర్ పెంచండి, వైఫై ఆపి చూడండి, ఇంటర్‌ఫేస్‌ని హబ్‌లో కాకుండా నేరుగా ల్యాప్‌టాప్‌కే పెట్టండి, యూఎస్‌బీకి పవర్ ఆదా చేసే సెట్టింగ్ ఉంటే తీసెయ్యండి. అలా కాకుండా గడియారం కొట్టినట్టు ఇంచుమించు ఒకే ఎడంతో వస్తూ, సాగదీసి పాడిన స్వరంలో బాగా తెలుస్తూ, నిశ్శబ్దంలో మాయమవుతుంటే అది క్లాక్. ప్రీఆంప్ వచ్చాకే మొదలైందన్నారు కాబట్టి మీది రెండోదని దాదాపు ఖాయం.

ఇదీ పైన చెప్పిన స్ఫటికాల కథే, కాకపోతే ఇక్కడ రెండు పరికరాలూ అప్పటికప్పుడు ఒకదానికొకటి శాంపిళ్లు అందించుకుంటున్నాయి. ఇచ్చేవాడి లెక్కా పుచ్చుకునేవాడి లెక్కా పది లక్షలకు 50 వంతులు తేడా పడితే సెకనుకు దాదాపు రెండున్నర శాంపిళ్లు మిగలడమో తగ్గడమో జరుగుతుంది. ఆ ఒక్కటి జారిన చోటల్లా టిక్. మందు తేలిక: ఇద్దరిలో ఒకరి గడియారాన్నే ఇద్దరూ నమ్మాలి. ఒకరు మాస్టర్, ఇంకొకరు ఆ లెక్క ప్రకారం నడిచేవారు.

చిక్కంతా ఎవరు మాస్టర్ అన్న దగ్గర వస్తుంది. "ఇంటర్‌ఫేస్‌నే మాస్టర్‌గా ఉంచండి" అనే సలహా చాలాచోట్ల వినిపిస్తుంది. నేనూ అదే పట్టుకుని వేలాడాను. కానీ మీ దగ్గరున్నది ఒకే ఆప్టికల్ కేబుల్. ప్రీఆంప్ ఔట్ నుంచి ఇంటర్‌ఫేస్ ఇన్‌కి. గడియారం కూడా ఆ కేబుల్లోనే, అదే దిక్కుకు పోతుంది. ఇంటర్‌ఫేస్ సమయం ప్రీఆంప్‌కి చేరే దారే లేదు, ఇక అది మాస్టర్ ఎలా అవుతుంది? కాబట్టి ప్రీఆంప్‌లో క్లాక్‌ని ఇంటర్నల్ అని ఉంచండి, ఇంటర్‌ఫేస్ సెట్టింగుల్లో క్లాక్ సోర్స్‌ని ఆప్టికల్ లేదా ఏడాట్ (ఆ కేబుల్లో ఎనిమిది ఛానళ్లు పంపే పద్ధతి) అని మార్చండి. రెండిట్లోనూ శాంపిల్ రేట్ ఒకటే ఉండాలి. లాక్ అని ఒక లైట్ ఉంటే అది వణక్కుండా నిలకడగా వెలగాలి. ఇంటర్‌ఫేసే మాస్టర్‌గా కావాలంటే దాని నుంచి ప్రీఆంప్‌కి రెండో ఆప్టికల్ కేబులో, గడియారాన్ని మాత్రమే మోసే వర్డ్ క్లాక్ కేబులో కూడా వెయ్యాలి. ఇక ప్రీఆంప్‌ని విప్పేసిన రోజు క్లాక్ సోర్స్‌ని మళ్లీ ఇంటర్నల్‌కి మార్చడం మర్చిపోకండి. నేను పైన విప్పమన్నాను కూడా. క్లాక్ రాని చోట క్లాక్ కోసం ఎదురుచూస్తూ ఇంటర్‌ఫేస్ మూగబోతే మళ్లీ నన్ను తిట్టుకుంటారు.

అదే రంధ్రంలో ఎస్‌పీడిఫ్ అనే ఇంకో భాష కూడా నడుస్తుంది. అందులో రెండు ఛానళ్లు, ఏడాట్‌లో 48 కిలోహెర్ట్జ్ దాకా ఎనిమిది. కేబుల్ చివర ఎర్ర వెలుగు రెండింటికీ ఒకేలా ఉంటుంది కాబట్టి వెలుగు కనిపించినంత మాత్రాన మాట కలిసినట్టు కాదు. రెండువైపులా ఏడాట్ అనే ఉందో లేదో చూడండి. ఇంకోటి, నవ్వకండి: కొత్త ఆప్టికల్ కేబుల్ కొసన వేలిగోరంత పారదర్శకమైన ప్లాస్టిక్ టోపీ ఉంటుంది. అది తియ్యకుండానే దూర్చి, సరిగ్గా కూర్చోవడం లేదని కేబుల్‌ని తిట్టినవాళ్లలో ఈ సమాధానం రాస్తున్న మనిషి కూడా ఉన్నాడు.

చివరిది కూత. గుంయ్‌మని లావుగా మోగితే అది కరెంటు మోత, 50 లేదా 60 హెర్ట్జ్, వాటి రెట్టింపులు. మీది సన్నని కూత అన్నారు. ఒకసారి మౌస్ కదిపి, ఫైళ్లు తెరిచి వినండి. కూత దానితోపాటు మారుతుంటే అది ల్యాప్‌టాప్ లోపలి రొద. కీబోర్డ్ ట్రాక్‌లోనే వస్తోందంటే కీబోర్డ్‌కీ ల్యాప్‌టాప్‌కీ మధ్య రెండు దారులున్నట్టు. ఆడియో కేబుల్ ఇంటర్‌ఫేస్ మీదుగా ఒకటి, మిడి కోసం పెట్టిన యూఎస్‌బీ కేబుల్ ఇంకొకటి. రెండూ కలిసి ఒక చక్రం తయారైంది. చార్జర్ పెట్టగానే దాని రొద ఆ చక్రంలో తిరిగి, కీబోర్డ్ ఆడియో కేబుల్ మీద కూర్చుంటుంది. పరీక్ష ఏమిటంటే, తమ్ముడు వాయిస్తుండగా కీబోర్డ్ వెనక ఉన్న యూఎస్‌బీ కేబుల్ పీకెయ్యండి. కూత టక్కున ఆగితే దొంగ దొరికాడు.

కీబోర్డ్‌కీ ఇంటర్‌ఫేస్‌కీ ఐదు పిన్నుల గుండ్రటి మిడి రంధ్రాలుంటే యూఎస్‌బీ బదులు ఆ కేబుల్ వాడండి. దాని రూపకల్పనలోనే సిగ్నల్ వెలుగుగా మారి అవతలికి దాటుతుంది, రెండు పరికరాలకీ కరెంటు సంబంధం ఉండదు. అవి లేకపోతే కీబోర్డ్‌కీ ఇంటర్‌ఫేస్‌కీ మధ్య ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ బాక్స్ (వాయిద్యం సిగ్నల్‌ని మైక్ ఇన్‌పుట్‌కి సరిపడేలా మార్చే పెట్టె) పెట్టండి. దాని మీద గ్రౌండ్ లిఫ్ట్ మీట వేస్తే ఆడియో దారిలో ఆ చక్రం తెగిపోతుంది. అన్ని ప్లగ్గులూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో పెట్టడం కూడా చాలాసార్లు పనిచేస్తుంది. ఇక కొందరు ఎర్త్ పిన్ విరగ్గొట్టేస్తే మోత పోతుందని చెబుతారు. పోతుంది. దానితోపాటు షాక్ నుంచి మిమ్మల్ని కాపాడేది కూడా పోతుంది. పెదవులు మైక్‌కి ఆనించి పాడే మనిషికి ఇవ్వాల్సిన సలహా కాదది. కూత వినబడకుండా ఉండాలని గెయిన్, అంటే లోపలికొచ్చే సిగ్నల్‌ని పెంచే మీట, పూర్తిగా పెంచడం కూడా వద్దు, దానితో పాటు కూతా పెరుగుతుంది. 24 బిట్‌లో రికార్డ్ చేస్తున్నప్పుడు గట్టిగా పాడినచోట మీటరు మైనస్ 12 డెసిబెళ్ల దగ్గర ఆగితే చాలు.

ఇప్పటికే చప్పట్లు లేకుండా తీసేసిన 40 నిమిషాలను పారెయ్యకండి. ఫోన్ తాను రికార్డ్ చేసిన సౌండ్ వీడియోలో ఇంకా ఉంటే దాన్ని చూసి కలపొచ్చు. తీసేసి ఉంటే మీ పెదవులే చప్పట. మొదటి పాటలోనూ చివరి పాటలోనూ నిశ్శబ్దం తర్వాత "ప"తో మొదలయ్యే మాట ఒకటి వెతకండి. వీడియోని ఒక్కో ఫ్రేమ్ చొప్పున జరిపితే మూసుకున్న పెదవులు విడిపోయే ఫ్రేమ్ దొరుకుతుంది. ఆడియోలో అదే "ప" దగ్గర చదునుగా ఉన్న గీత ఒక్కసారి పైకి లేస్తుంది. ఆ రెండూ కలపండి. "మ"ను మాత్రం నమ్ముకోకండి, దానికి పెదవులు మూసి ఉండగానే ముక్కులోంచి ధ్వని మొదలైపోతుంది, రెండు మూడు ఫ్రేములు తప్పుతారు.